చించి పారేసే రిబ్బన్లతో పెళ్లి రిహార్సల్ బొకే

డాలస్ దగ్గర మా ఆఫీసు అమ్మాయి బ్రైడల్ షవర్‌కి మొదటిసారి వెళ్లినప్పుడు, లోపల అడుగు పెట్టగానే ఒకావిడ నా చేతిలో ఖాళీ పేపర్ ప్లేటు పెట్టింది. టిఫిన్ కాబోలు అనుకుని బల్ల వైపు చూశాను. ఆవిడ రెండో చేతిలో కత్తెర, టేపు కూడా పెట్టి "రిబ్బన్ల పని నీదే" అని చెప్పి వెళ్లిపోయింది. అమెరికాలో ఉన్న మనవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి పిలుపు వస్తుంది. పిల్లల స్నేహితుల పెళ్లి, ఆఫీసులో పెళ్లి, లేదంటే మన ఇంటి అమ్మాయే పొద్దున చర్చిలో ఒకసారి, సాయంత్రం మండపంలో ఒకసారి చేసుకునే పెళ్లి. ఆ ప్లేటు మీ చేతికి వచ్చినప్పుడు నాలాగా బల్ల వైపు చూడకుండా ఉండటానికి ఇది రాస్తున్నాను.

ముందు సంగతేమిటో తెలియాలి. పెళ్లికి కొన్ని వారాల ముందు ఆడవాళ్లంతా చేరి పెళ్లికూతురికి కానుకలిచ్చే వేడుక బ్రైడల్ షవర్. పొట్లాలను అందరి ఎదుటా విప్పుతారు. మన దగ్గర ఇచ్చినవాళ్ల ముందే కవరు విప్పి చూస్తే ఎంత మర్యాద తక్కువో, అక్కడ విప్పకుండా పక్కన పెట్టేస్తే అంత. అలా విప్పిన పొట్లాల రిబ్బన్లు, బోలు (రిబ్బన్‌తో పువ్వులా కట్టిన ముడులు) పారేయకుండా పేపర్ ప్లేటుకు గుచ్చి గుత్తిలా కడతారు. పెళ్లికి ముందు రోజు, అంటే శనివారం పెళ్లయితే శుక్రవారం సాయంత్రం, చర్చిలో రిహార్సల్ ఉంటుంది. ఎవరి వెనక ఎవరు నడవాలి, ఎక్కడ ఆగాలి, ఉంగరాలు ఎవరి దగ్గర ఉండాలి అన్నీ ఒకసారి ఆడి చూసుకుంటారు. అసలు పూలు మర్నాడు గానీ రావు. ఆ సాయంత్రానికి పెళ్లికూతురి చేతిలో ఉండేది ఈ రిబ్బన్ల బొకేనే. రిహార్సల్ అయ్యాక అందరూ డిన్నర్‌కి వెళ్తారు. ఆ ఖర్చు ఆనవాయితీగా పెళ్లికొడుకు తల్లిదండ్రులది.

నేనిప్పటికి అయిదు చేశాను. రంగులు కలవకపోయినా, ఒక బో పెద్దదై ఒకటి చిన్నదైనా ఎవరూ పట్టించుకోరు, పైగా అలా గందరగోళంగా ఉంటేనే ముద్దుగా ఉంటుంది. పిడి వదులైతే మాత్రం పనికిరాదు. నా మొదటి బొకే పల్చటి ప్లేటు మీద కట్టాను. నాలుగు వారాల తర్వాత రిహార్సల్‌లో ఆ అమ్మాయి దాన్ని ఒంటి చేత్తో పట్టుకోగానే ప్లేటు మధ్యకు మడత పడి, బోలన్నీ ఒక పక్కకు వాలిపోయాయి. పాపం, నడిచినంతసేపూ రెండో చేత్తో దాన్ని ఆపుకోవడమే సరిపోయింది. అందుకే కింద పిడి గురించి ఎక్కువ చెబుతాను, అలంకారం గురించి తక్కువ.

షవర్ రోజు: రిబ్బన్లు చెత్త సంచిలోకి పోకుండా

పొట్లాలు విప్పడం మొదలయ్యాక అంతా అయిదు నిమిషాల్లో గందరగోళం అవుతుంది. చించిన కాగితాలు ఏరడానికి ఒకరు పెద్ద చెత్త సంచి పట్టుకుని తిరుగుతుంటారు. ఆ సంచి మీకు ప్రధాన శత్రువు. పెళ్లికూతురి పక్కనే, సంచి ఆవిడకు ఎదురు వైపు కూర్చోండి. పొట్లం ఒళ్లోకి రాగానే రిబ్బన్ మీ చేతికి రావాలి, కాగితం అటు పోవాలి. ఒక అట్టపెట్టె ఒళ్లో పెట్టుకోండి. సంచిలో వేస్తే బోలు నలిగిపోతాయి.

ఇంకొకరు కాగితం, పెన్నుతో కూర్చుని ఎవరేమిచ్చారో రాస్తుంటారు. తర్వాత కృతజ్ఞత కార్డులు పంపాలి కాబట్టి ఆ జాబితా తప్పనిసరి. మన పెళ్లిళ్లలో చదివింపులు రాసే పుస్తకమే అనుకోండి, మైకు ఒక్కటే తక్కువ. ఆవిడతో మంచిగా ఉండండి. ఏ రిబ్బన్ ఎవరిదో ఆవిడ దగ్గరే తెలుస్తుంది, అది మీకు చివర్లో అవసరం.

రిబ్బన్లకు ఇక్కడ ఒక నమ్మకం కూడా ఉంది. విప్పేటప్పుడు ఎన్ని తెగితే అంతమంది పిల్లలు పుడతారని. అందుకని పెళ్లికూతుళ్లు కొందరు కత్తెర ముట్టుకోరు, ముడి విప్పడానికి తంటాలు పడతారు. కొంటె స్నేహితురాళ్లు విప్పలేకుండా మూడేసి ముళ్లు వేసి తెస్తారు. మూడు ముళ్ల మహిమ వీళ్లకూ తెలుసు కాబోలు అనిపిస్తుంది. మీరు చేయాల్సిన సాయం ఏమిటంటే, ముడి జోలికి పోకుండా రిబ్బన్‌ను పొట్లం మూల మీదుగా మెల్లగా జరిపి తీసేయమని చెప్పడం. తెగదు, ముడితో సహా బో చేతికొస్తుంది. మీకు కావలసిందీ అదే.

ఈ మధ్య ఇంకో ఇబ్బంది ఉంది. చాలామంది రిజిస్ట్రీ నుంచి, అంటే పెళ్లివాళ్లు తమకు కావాలని దుకాణంలో రాసి పెట్టిన జాబితా నుంచి, కానుకను నేరుగా పెళ్లికూతురింటికే పంపేస్తున్నారు. చేత్తో తెచ్చేవాళ్లు గిఫ్ట్ బ్యాగులో పెట్టి తెస్తారు, దానికి రిబ్బనే ఉండదు. ముప్ఫై మంది వచ్చిన షవర్‌లో నాకు దొరికినవి తొమ్మిదే. కాబట్టి ముందుగానే రెండు రిబ్బన్ చుట్టలు కొని పెట్టుకోండి. ఒకటి పెళ్లి రంగులో ఒకటిన్నర అంగుళాల వెడల్పు శాటిన్, ఇంకొకటి సన్నటి తెలుపు. అతికించే బోల ప్యాకెట్ ఒకటి. మైకేల్స్, హాబీ లాబీ లాంటి దుకాణాల్లో అన్నీ ఒకేచోట దొరుకుతాయి, తక్కువలో కావాలంటే డాలర్ ట్రీ. గిఫ్ట్ బ్యాగుల తాడు పిడులు కూడా కత్తిరించి పెట్టెలో వేసుకోండి, మంచి కుచ్చులవుతాయి. మెరుపు పొడి రాలే గ్లిటర్ రిబ్బన్లు మాత్రం పక్కన పెట్టేయండి. అవి చర్చి తివాచీ మీద రాలితే మర్నాటికీ పోవు.

ప్లేటు

షవర్‌లోనే అందరి ముందూ కట్టేయమంటారు. ఫొటోకి నాలుగు బోలు అతికించి చూపించి, పెట్టెను ఇంటికి తెచ్చుకోండి. ఇంట్లో తీరిగ్గా చేసిందే నిలుస్తుంది.

తొమ్మిది అంగుళాల మందపాటి పేపర్ ప్లేట్లు రెండు తీసుకోండి. నున్నగా మెరిసే పూత ఉన్నవి వద్దు, వాటి మీద బోల జిగురు రెండు రోజులు కూడా ఆగదు. గరుకుగా, పూత లేకుండా ఉండే రకం చూడండి. రెండింటినీ ఒకదానిలో ఒకటి పెట్టి, మధ్యలో రెండు వైపులా అంటుకునే టేపు వేసి గట్టిగా నొక్కండి. తర్వాత అంచు కత్తిరించి ఏడు అంగుళాలకు తగ్గించండి. తొమ్మిది అంగుళాలు అలాగే వదిలేస్తే తక్కువ రిబ్బన్లతో నిండదు, పట్టుకుంటే పళ్లెంలాగే కనబడుతుంది.

సరిగ్గా మధ్యలో కట్టర్‌తో ప్లస్ గుర్తులా రెండు గాట్లు పెట్టండి, ఒక్కొక్కటి అంగుళం పొడవు. కింద చెక్కో పాత పత్రికో పెట్టుకోండి, బల్ల గీతలు పడకుండా. మధ్య నుంచి అంగుళంన్నర దూరంలో గుండ్రంగా ఎనిమిది చిన్న గాట్లు, అర అంగుళం చొప్పున. అంచుకు దగ్గరగా ఇంకో ఎనిమిది, మొదటి వరసలోని రెండు గాట్ల మధ్యకు ఒకటి వచ్చేలా. ప్లస్ గాటు పిడికి, మిగతావి రిబ్బన్లకు.

పిడి

కొత్త పెన్సిళ్లు ఏడు తీసుకోండి, చెక్కనివి. ఒకటి మధ్యలో పెట్టి చుట్టూ ఆరు పేరిస్తే సందు లేకుండా కచ్చితంగా కుదురుతాయి. పైన, మధ్యలో, కింద మూడు చోట్ల టేపు బిగించి చుట్టండి. పెన్సిల్ ఏడున్నర అంగుళాలుంటుంది, అది చాలు. చైనీస్ హోటల్ నుంచి వచ్చిన చెక్క పుల్లలు ఇంట్లో పేరుకుపోయి ఉంటే అవైనా సరే, అదే లావు వచ్చేదాకా కట్టండి. పేపర్ టవల్ లోపలి గొట్టం వాడమని కొందరు చెబుతారు. నాకు నచ్చలేదు. లావు ఎక్కువై వేళ్లు చుట్టూ తిరగవు, గట్టిగా పడితే నొక్కుకుపోతుంది.

ఈ కట్టను ప్లేటు అడుగు నుంచి ప్లస్ గాటులోకి పైకి తొయ్యండి, ఒక అంగుళం పైకి వచ్చేదాకా. ఇప్పుడు గాటు నాలుగు రెక్కలూ పైకి లేస్తాయి. వాటిని పెన్సిళ్లకు ఆనించి టేపుతో చుట్టేయండి. ప్లేటు అడుగున కూడా పిడి చుట్టూ గ్లూ గన్‌తో, అంటే జిగురు కడ్డీని కరిగించి వేసే పరికరంతో, ఒక వలయం వేసి, ఆరేదాకా కదపకుండా పట్టుకోండి. పిడి పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి. ప్లేటు ఊగుతుంటే ఇంకొంచెం జిగురు వేయండి. రిబ్బన్లు పెట్టాక ఇక్కడికి చెయ్యి దూరదు, బాగుచేయాలన్నా ఇప్పుడే.

గ్లూ గన్లలో రెండు రకాలున్నాయి. ఎక్కువ వేడిది దాదాపు 380 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా పోతుంది, తక్కువ వేడిది 250 దగ్గర ఆగుతుంది. తక్కువదే వాడండి. పల్చటి రిబ్బన్ ఎక్కువ వేడికి ముడుచుకుపోతుంది, మీ వేలైతే బొబ్బెక్కుతుంది.

ఇక బరువు. రిబ్బన్ల బొకే దూదిలా తేలిగ్గా ఉంటుంది. చేతిలో బరువు లేకపోతే, కంగారులో ఉన్న మనిషి దాన్ని తెలియకుండానే ఛాతీ దాకా ఎత్తేస్తుంది. మన పెళ్లికూతురి చేతిలో కొబ్బరిబొండం పెడతాం కదా, అది పైకి లేవమన్నా లేవదు. అసలు బొకేలో నీళ్లు పీల్చిన కాడలుంటాయి, బాగానే బరువుంటుంది. చేతికి ఆ అలవాటు రావాలంటే దీనికీ కాస్త బరువు కావాలి. నేను ప్లేటు అడుగున, పిడికి రెండు పక్కలా పదేసి క్వార్టర్ (పాతిక సెంట్ల) నాణేలు దొంతరగా పెట్టి టేపు వేస్తాను. ఇరవై నాణేలకు 113 గ్రాములు. రెండు పక్కలా సమానంగా ఉండాలి, లేకపోతే బొకే ఒరుగుతుంది. రిహార్సల్ అయ్యాక తీసి పెళ్లికూతురికే ఇచ్చేస్తాను, అయిదు డాలర్ల చదివింపు.

రిబ్బన్లు గుచ్చడం

ఇక్కడ పెద్దగా చెప్పేదేమీ లేదు. పొడుగు రిబ్బన్‌ను మధ్యకు మడిచి, మడత ప్లేటు పైన ఉచ్చులా ఉండేట్టు, రెండు కొసలూ గాటులోంచి కిందికి దింపండి. అడుగున ఒక ముడి వేసి దానిమీద టేపు ముక్క వేయండి. శాటిన్ జారుతుంది కాబట్టి ముడి లేకుండా టేపును నమ్ముకోకండి. బయటి వరస గాట్లు ముందు, లోపలివి తర్వాత. కట్టిన బోలుంటే ఖాళీ కనబడిన చోట అతికించండి. అట్టముక్క జిగురు ఊడేలా ఉంటే స్టేప్లర్ కొట్టండి, పిన్ను మొనలు అడుగు వైపు రావాలి, వాటిమీద టేపు వేయాలి. ఒకసారి పెళ్లికూతురి చెల్లెలి చెయ్యి గీసుకుంది, అప్పటినుంచి నేను వేలితో తడిమి చూడందే వదలను. అన్నిటికంటే పెద్ద బో మధ్యలోకి. పెన్సిళ్ల కొస దాని కింద దాగిపోతుంది.

అడుగున వేలాడుతున్న కొసలన్నిటినీ కలిపి పిడి చుట్టూ పరిచి, దారంతో మూడు నాలుగు చుట్లు బిగించి కట్టండి. మల్లెపూలు కట్టడం వచ్చినవాళ్లకు చేతికి తెలిసిన పనే. ఏడెనిమిది పొడుగు కొసలను మాత్రం కలపకుండా వదిలేయండి, అవి జడకుచ్చుల్లా కిందికి వేలాడితే అందంగా ఉంటాయి. నేల తగలకూడదు, కాళ్లకు చుట్టుకోకూడదు. మోకాలికి పైనే కత్తిరించండి.

చివరగా శాటిన్ రిబ్బన్‌తో పిడి కప్పాలి. పిడికి రెండు మూరలు సరిపోతుంది, రెండున్నర తీసుకుంటే బెంగ ఉండదు. పిడి కింది కొసన జిగురు చుక్క పెట్టి మొదలుపెట్టి, ఒక్కో చుట్టు ముందు చుట్టును సగం కప్పేలా పైకి చుట్టుకుంటూ పోండి. ప్లేటు దగ్గర కొసను లోపలికి మడిచి జిగురుతో అతికించండి. పూల దుకాణాల్లో ముత్యపు గుండుసూదులు గుచ్చుతారు, కానీ ఇక్కడ లోపల పెన్సిళ్లున్నాయి, సూది దిగదు.

రిబ్బన్లు తక్కువైతే

చుట్టలోంచి గులాబీలు చేయండి. ఒకటిన్నర అంగుళాల శాటిన్ రెండు మూరలకు, అంటే ముప్ఫై ఆరు అంగుళాలకు, ఒక నిండు గులాబీ వస్తుంది. రిబ్బన్‌ను అడ్డంగా పట్టుకుని కుడి కొసను కిందికి మడవండి, రెండు అంగుళాల తోక వేలాడాలి. అదే కాడ. మడిచిన మూలను ఎడమ వైపుకు బిగుతుగా నాలుగు చుట్లు చుట్టండి, మొగ్గ అవుతుంది. అడుగున సూదీ దారంతో ఒక కుట్టు వేయండి. ఇప్పుడు మిగిలిన రిబ్బన్ పై అంచును మీకు అవతలి వైపుకు ఏటవాలుగా మడిచి, ఆ మడత మీదుగా మొగ్గను దొర్లించండి. మడత అయిపోగానే మళ్లీ మడవండి, మళ్లీ దొర్లించండి. ఆరేడుసార్లు. రహస్యమంతా వేళ్లలో ఉంది: అడుగు బిగుతుగా, పైభాగం వదులుగా. రెండూ బిగిస్తే తమలపాకు చుట్టలా ఉంటుంది, పువ్వులా ఉండదు. చివరి కొసను అడుగుకు దించి అన్నీ కలిపి కుట్టేయండి. మొదటి రెండూ పాడవుతాయి. మూడోది నుంచి లెక్క.

శాటిన్ కొసలు పోగులు ఊడుతుంటే కొవ్వొత్తి మంటకు దగ్గరగా ఒక్క క్షణం చూపండి, అంచు కరిగి గట్టిపడుతుంది. మంటలో పెట్టకూడదు.

దాచడం, తీసుకెళ్లడం

షవర్‌కీ రిహార్సల్‌కీ మధ్య నెల, రెండు నెలలు కూడా ఉండొచ్చు. బోల మడతల్లో టిష్యూ కాగితం ఉండలు కుక్కి, పిడి కిందికి ఉండేలా ఒక లోతైన గిన్నెలోనో వేజ్‌లోనో నిలబెట్టండి. పడుకోబెడితే ఒక పక్క అణిగిపోతుంది. టెక్సస్ ఎండలో కారులో వదిలేయడం అసలు వద్దు, గ్లూ గన్ జిగురు మళ్లీ మెత్తబడుతుంది. ముందు రోజు తీసి చూసుకుని, నలిగిన శాటిన్‌ను పైన గుడ్డ వేసి తక్కువ వేడితో ఇస్త్రీ చేయొచ్చు. కానుకల మీద రింగులు తిప్పే ప్లాస్టిక్ రిబ్బన్‌కు ఇస్త్రీ తగిలించకండి, కరిగి పెట్టెకు అంటుకుంటుంది. దాన్ని కత్తెర అలుగు మీద ఒకసారి లాగితే చాలు, మళ్లీ చుట్టలు తిరుగుతుంది.

రిహార్సల్ సాయంత్రం

బొకే ఇచ్చేసి కూర్చోకండి, కాసేపు చూడండి. పట్టుకునే ఎత్తు బొడ్డు దగ్గర. బొటనవేళ్లు బొడ్డుకు ఎదురుగా ఉంటే సరిగ్గా ఉన్నట్టు, ఫొటోలో నడుము దగ్గర బట్ట పనితనం కూడా కనబడుతుంది. నాన్న చెయ్యి పట్టుకుని నడిచేటప్పుడు బొకే ఒక్క చేతిలోనే ఉంటుంది. అలా ఒకటికి రెండుసార్లు నడవమనండి, అప్పుడు తెలుస్తుంది పిడి ఎంత అవసరమో.

అసలు చిక్కు ముందు నిలబడ్డాక వస్తుంది. ప్రమాణాలప్పుడు ఇద్దరూ రెండు చేతులూ పట్టుకోవాలి, ఉంగరాలు మార్చుకోవాలి. అంతకుముందే బొకే పక్కనున్న మెయిడ్ ఆఫ్ ఆనర్‌కి, అంటే ముఖ్యమైన తోడిపెళ్లికూతురికి, ఇచ్చేయాలి. అంతా అయ్యి బయటికి నడిచే ముందు మళ్లీ తీసుకోవాలి. ఆ అమ్మాయి చేతిలో అప్పటికే తన బొకే ఒకటుంటుంది. రెండూ పట్టుకుని, పెళ్లికూతురి గౌను వెనక జీరాడే కొంగు సర్దడం కూడా తనే చేయాలి. మిగిలిన రిబ్బన్లతో తనకూ ఒక చిన్న గుత్తి కట్టి తీసుకెళ్లండి, నాలుగు పెన్సిళ్లు, అరచేతంత ప్లేటు చాలు. దీని గురించి ఎవరూ ముందు ఆలోచించరు. రిహార్సల్‌లో మాత్రం పాస్టర్ గారితో సహా అందరూ మెచ్చుకుంటారు.

ఇంకొక పని మిగిలింది, దీన్ని ఎవరూ అడగరు. పిడి కప్పకముందే ప్లేటు అడుగున, ఏ గాటు దగ్గర ఎవరి రిబ్బన్ ఉందో సన్నటి పెన్నుతో వాళ్ల పేరు రాయండి. జాబితా రాసినావిడను షవర్ రోజే అడిగితే చెబుతుంది. నేను మూడోసారి చేసినప్పుడు ఆ జాబితా కాగితం కాస్తా షవర్ రోజే చెత్త సంచిలో వెళ్లిపోయిందట. నాలుగు వారాలు ఇల్లంతా వెతికారు. రిహార్సల్ డిన్నర్‌లో పెళ్లికూతురి వాళ్లమ్మ బొకేను బోర్లా తిప్పి, కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో పేరూ నాప్‌కిన్ మీదకు ఎక్కించుకున్నారు.